ఐదింటికి నడిచేవాళ్లు

ఊరంతా మూతపడిన మూడో రోజున రమణయ్య ఆస్పత్రి మలుపు దగ్గర స్తంభానికున్న బొత్తాం మీద నల్ల టేపు చుట్టాడు. రోడ్డు దాటాలనుకున్నవాళ్లు నొక్కే బొత్తాం అది. నొక్కితే కాసేపటికి బండ్లకు ఎర్రలైటు పడి, అవతలి స్తంభం మీద నడిచే మనిషి బొమ్మ పచ్చగా వెలుగుతుంది. పదిమంది వేళ్లు తగిలే చోటు కాబట్టి జబ్బు అంటుకుంటుందని, ఇలాంటి బొత్తాలన్నీ మూసేసి సిగ్నళ్లను బ్లింకర్ మీద పెట్టమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. బ్లింకర్ అంటే పసుపు లైటు ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉండడం. అది ఎవరినీ ఆపదు, ఎవరినీ వెళ్లమనదు.

రమణయ్యకు యాభై రెండేళ్లు. తండ్రి కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో వల వేసుకుని బతికినవాడు. రమణయ్య ఆ ఊళ్లోనే, బతు బస్తీ అనే పేటలో పుట్టాడు. ఐటీఐ చదివి, సముద్రం జోలికి పోకుండా కరెంటు పనిలో కుదురుకున్నాడు. ఊళ్లో ఉన్న సిగ్నళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఏది ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ పెట్టెలో బల్లులు దూరతాయో, ఏ వానకు ఏ తీగ తడుస్తుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడని ఆఫీసులో మంచి పేరు. ఆ పేరంటే అతనికి ఇష్టం కూడా.

టేపు నాలుగో చుట్టు తిప్పుతుండగా వెనకాల చెప్పుల చప్పుడైంది. చూస్తే దేముడమ్మ. ఆస్పత్రిలో వార్డులు తుడిచే పని ఆమెది, కాంట్రాక్టు మీద. డిగ్నాబాద్‌లో ఉంటుంది. తెల్లవారగానే వెళ్లి, మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి నడిచి వస్తుంది. రమణయ్య కంటే ఆరేడేళ్లు పెద్ద. ఇద్దరి ఇళ్లవాళ్లూ ఒకే తీరం నుంచి వచ్చినవాళ్లు కావడంతో, చుట్టరికం లేకపోయినా అతను ఆమెను అప్పా అని పిలుస్తాడు, ఆమె తమ్ముడూ అంటుంది.

"ఏటి తమ్ముడూ, దాని మూతి కట్టేత్తన్నావు?"

"ఆర్డరప్పా. ముట్టుకుంటే బీమారీ అంటుకుంటాదంట."

"మరి నానెలాగ దాటాల?"

రమణయ్య రోడ్డుకి అటూ ఇటూ చెయ్యి చూపించాడు. "దాటడానికేటుంది? ఒక్క గాడీ లేదు సూడు. రోడ్డు మీద పడుకుని దొర్లినా ఎవుడూ రాడు."

దేముడమ్మ మెడ పూర్తిగా తిప్పి కుడివైపు చూసింది. ఆమె కుడికంట్లో పొర. ఏప్రిల్లో ఆపరేషన్ చేస్తామని చీటీ రాసిచ్చారు. ఇప్పుడు అలాంటి ఆపరేషన్లన్నీ వాయిదా వేశారు. కుడివైపు నుంచి వచ్చే బండి ఎంత దూరంలో ఉందో ఆమెకు అంచనా దొరకదు. అందుకే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా బొత్తాం నొక్కి, పచ్చబొమ్మ వచ్చేదాకా నిలబడేది.

"ఇప్పుడు లేవు. మళ్లీ వత్తాయి గదా," అంది.

"వచ్చినప్పుడు ఇప్పేస్తాను. కట్టింది నేనే, ఇప్పేదీ నేనే. బస్?"

"బస్," అని ఆమె రోడ్డు దాటి వెళ్లిపోయింది. నడి రోడ్డులో ఒకసారి ఆగి, మళ్లీ కుడివైపు చూసి, అప్పుడు మిగతా సగం దాటింది.

ఏప్రిల్, మే అలాగే గడిచాయి. ఓడలు రాలేదు, విమానాలు రాలేదు. టూరిస్టులు లేక వండూర్ జెట్టీ దగ్గర బోట్లు కట్టుకొయ్యల దగ్గరే నానుతున్నాయి. రమణయ్యకు పాసు ఇచ్చారు. ఆఫీసులో సగం మంది ఇంటిపట్టునే ఉండడంతో సిగ్నళ్లన్నీ అతని నెత్తి మీదే పడ్డాయి. వేకువనే స్కూటర్ మీద బయల్దేరి అన్నీ ఒకసారి చూసుకొచ్చేవాడు. వీధుల్లో కుక్కలు నడిబొడ్డున పడుకుని, హారన్ కొట్టినా కదిలేవి కావు.

జనం లేరని అందరూ అనుకునేవారు. రమణయ్యకు తెలుసు, ఐదింటికి జనం ఉంటారు. దీవుల్లో నాలుగున్నరకే వెలుగొచ్చేస్తుంది, ఐదుకల్లా ఎండ. మూతి గుడ్డలు కట్టుకుని, ఒకరికొకరు ఎడంగా, ఆస్పత్రికి వెళ్లే ఆయాలు, చీపుర్లవాళ్లు, ఐస్ ఫ్యాక్టరీ కూలీలు, చేపల తట్టల ఆడవాళ్లు వరసగా నడిచి వచ్చేవారు. ఏడు కొట్టేసరికి రోడ్డు మళ్లీ బోడిగా ఉండేది. ఆ వరసలో దేముడమ్మ రోజూ కనిపించేది. మొదటి వారాల్లో చెయ్యి ఊపి పలకరించేది. తర్వాత డిగ్నాబాద్‌లో ఇరుగుపొరుగు ఆమెను కుళాయి దగ్గరకు రావద్దన్నారు, ఆస్పత్రి నుంచి జబ్బు మోసుకొస్తుందని. ఆ తర్వాత ఆమె తనంతట తానుగా ఎవరినీ పలకరించడం మానేసింది. రమణయ్యా స్కూటర్ ఆపేవాడు కాదు. ఇంట్లో భార్య యర్రమ్మకు ఆయాసం ఉంది. ఆ మాట తనకు తాను చెప్పుకుని ముందుకు పోయేవాడు.

జూన్‌లో ఆంక్షలు సడలించారు. బండ్లు మెల్లగా రోడ్డెక్కాయి. మెల్లగా ఎక్కాయే గానీ మెల్లగా నడవలేదు. రెండు నెలలు ఖాళీ రోడ్డు అలవాటైన కాళ్లు బ్రేకు మీదికి అంత త్వరగా రాలేదు. పసుపు లైటు మిణుకుమంటూనే ఉంది, బండ్లు దాని కిందనుంచి దూసుకుపోతూనే ఉన్నాయి.

ఆఫీసులో జూనియర్ ఇంజినీరు, అందరూ పిలిచే జె.ఇ. సాబ్, రమణయ్య చేతిలో ఒక కాగితం పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదైంది, పైనుంచి ఏది వస్తే దాన్ని కిందికి పంపే రకం.

"దేఖో రమణయ్యా, ఏ మలుపులో ఎంతమంది నడుస్తున్నారో లెక్క కావాలట. గంటకి ముప్పై మంది దాటితే బొత్తాం మళ్లీ చాలూ చేస్తాం. తక్కువైతే బ్లింకర్ అలాగే ఉంటుంది. టైము ఇందులో ఉంది, దాని ప్రకారం గళ్లు భర్ దో."

కాగితంలో రెండు గళ్లు. ఒకటి పొద్దున్న పది నుంచి పదకొండు. రెండోది సాయంత్రం ఐదు నుంచి ఆరు. సూర్యుడు ఆలస్యంగా లేచే పెద్ద నగరాల కోసం ఎవరో గీసిన గళ్లు అవి. రమణయ్య చూడగానే గ్రహించాడు. నోరు తెరిచాడు కూడా. ఎదురుగా బల్ల మీద ఇంకా పది ఫైళ్లు ఉన్నాయి, సాబ్ అప్పటికే ఫోనెత్తాడు. సరే అని బయటికి వచ్చేశాడు.

ఆస్పత్రి మలుపులో మూసి ఉన్న మందుల దుకాణం అరుగు మీద కూర్చుని మూడు రోజులు లెక్కపెట్టాడు. స్కూళ్లు లేవు, ఆఫీసులకు సగం మందే వస్తున్నారు, ఆస్పత్రిలో ఓపీ చాలావరకు ఆపేశారు. సగటున పది నుంచి పదకొండులో పదకొండు మంది. సాయంత్రం తొమ్మిది మంది, ఆ గంట ముగిసేసరికి చీకటి పడిపోతుంది. నిజాయితీగా లెక్కపెట్టాడు, ఒక్కరిని కలపలేదు, ఒక్కరిని వదల్లేదు. సంతకం పెట్టి ఇచ్చేశాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం దేముడమ్మ అతని స్కూటర్‌కి అడ్డంగా వచ్చి దూరంగా నిలబడింది.

"తమ్ముడూ, గాడీలొచ్చేసినాయి. ఇప్పుతానన్నావు?"

"లెక్క పంపినామప్పా. రేపో మాపో వేసేస్తారు."

"రేపా, మాపా?"

"జల్దీయే," అన్నాడు రమణయ్య, ఆమె ముఖంలోకి చూడకుండా.

జూలై రెండో వారంలో, ముసురు పట్టిన ఒక ఉదయం ఐదూ పదికి, కూరగాయల వ్యాను ఒకటి దేముడమ్మను గుద్దింది.

ఆరింటికి రమణయ్య ఆ మలుపు చేరేసరికి వాన రోడ్డును కడిగేసింది. వ్యాను అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు జోగులు ఫుట్‌పాత్ మీద తడుస్తూ కూర్చున్నాడు. అంతకుముందు టూరిస్టులను వండూర్ జెట్టీకి చేరవేసేవాడు. టూరిస్టులు లేక ఇప్పుడు అదే వ్యానులో సీట్లు పీకేసి, వండూర్ వైపు ఊళ్ల నుంచి మార్కెట్‌కి కూరగాయలు తెస్తున్నాడు. పారిపోలేదు. ఆమెను తన చేతుల మీద ఎత్తుకుని ఆస్పత్రి గేటు దాకా పరుగెత్తింది అతనే.

"బతికే ఉందన్నా," అన్నాడు జోగులు. "కాలు ఇరిగిపోనాది. తల కూడా తగిలింది. నాను ఎడంపక్కనుంచి వత్తన్నాననుకుందో, అసలు సూడలేదో. నడిమధ్యలో ఆగి సూసింది. ఆగుతాదనుకోలేదన్నా."

కానిస్టేబుల్ ఒకడు గొడుగు కింద నిలబడి రాసుకుంటున్నాడు. రమణయ్యను చూసి, "సిగ్నల్ పనిచేస్తోందా?" అని హిందీలో అడిగాడు.

"బ్లింకర్ మీదుంది. ఆర్డర్ ప్రకారం."

"అంటే ఖరాబు కాలేదు?"

"లేదు. ఖరాబు కాలేదు."

కానిస్టేబుల్ అది రాసుకున్నాడు. జోగులు తలెత్తి పసుపు లైటును చూశాడు. "అది మెరుత్తానే ఉంటాది గదన్నా రోజూ. ఆగమనలేదు గదా," అన్నాడు. స్తంభానికి రమణయ్య చుట్టిన టేపు అలాగే ఉంది.

తర్వాతి వారాల్లో చూడ్డానికి వెళ్లనివ్వలేదు. ఆగస్టులో దీవుల్లో జబ్బు ఒక్కసారిగా పెరిగింది. ఆస్పత్రి గేటు దగ్గరే మనుషులను ఆపేస్తున్నారు. దేముడమ్మ తాను ఇన్నాళ్లూ తుడిచిన వార్డులోనే మంచం మీద ఉందని, కాల్లో రాడ్డు వేశారని, కూతురు గవరమ్మ ఒక్కతినే లోపలికి పంపుతున్నారని ఆయాలు చెబితే విన్నాడు. జోగులు మీద కేసు పెట్టారు. లైసెన్సు తీసేసుకున్నారు.

రమణయ్యకు అన్నం సయించకుండా పోయింది. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచిపోయేవాడు. కొన్నాళ్లు చూసి యర్రమ్మ అడిగేసింది.

"ఆర్డరు ఎలాగుంటే అలాగ చేసినావు. నీ తప్పేటుంది ఇందులో?"

"ఆర్డరు టేపు కట్టమన్నాది, కట్టినాను. అది తప్పు కాదు. లెక్క రాయమన్నాది, రాసినాను. ఐదింటికి నడిచేవోళ్లు ఉన్నారని నాకు తెలుసు యర్రమ్మా. ఆ ఒక్క మాట సాబ్‌తో అనలేదు. అనొద్దని ఎవరూ అనలేదు నన్ను."

"అయితే ఆమెకి చెప్పు. నాకు చెబితే ఏటొస్తాది?" అని యర్రమ్మ కంచం తీసుకుపోయింది.

దేముడమ్మ ఆగస్టు ఆఖరున ఇంటికి వచ్చింది. నాలుగు రోజులాగి రమణయ్య డిగ్నాబాద్ వెళ్లాడు. మెట్ల దారిలో పైకెక్కితే రేకుల ఇల్లు, ముందు చిన్న సిమెంటు వాకిలి. ఆమె గుమ్మంలో నులకమంచం మీద కాలు చాపుకుని ఉంది. సగానికి సగం అయిపోయింది. జుట్టు కత్తిరించేశారు. గవరమ్మ పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

రమణయ్య వాకిట్లోనే నిలబడ్డాడు. ఎలా ఉన్నావని అడిగాడు. ఆమె ఉన్నానంది. ఆ తర్వాత చెప్పాలనుకున్నది చెప్పేశాడు. కాగితం సంగతి, రెండు గళ్ల సంగతి, పదకొండు మంది, తొమ్మిది మంది, గంటకు ముప్పై మంది లేరు కాబట్టి బొత్తాం విప్పలేదన్న సంగతి.

"ఆ లెక్క రాసింది నేనే అప్పా."

దేముడమ్మ బాగున్న కంటితో అతన్ని తేరిపార చూసింది.

"మేం నడుత్తామని నీకు తెలీదేటి?"

"తెలుసు."

"రోజూ సూసినావు."

"చూసినాను."

"తెలిసి రాయలేదు."

"రాయలేదు."

ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆ జోగులుగాడు రెండుసార్లు వచ్చినాడు. నువ్వు నిల్చున్నావే, అక్కడే కూకుని ఏడిసినాడు. నాను ఆడ్ని నోటికొచ్చినట్టు తిట్టినాను. నీ కళ్లు పోవాలన్నాను. ఆడి బతుకుతెరువు పోయింది, కేసు ఆడొక్కడి మీదే. ఇన్నాళ్లూ ఏడున్నావు నువ్వు? ఇప్పుడొచ్చి సల్లగా సెప్తన్నావా?"

"మావా, అభీ జావో," అంది గవరమ్మ లేచి. "అమ్మకి బీపీ ఎక్కుతాది. తర్వాత రా."

రమణయ్య వెనక్కి తిరిగాడు. మెట్టు దిగబోతుంటే దేముడమ్మ పిలిచింది.

"ఆగు. గవరా, కాగితం తే. నాను సెప్తాను, రాయి."

గవరమ్మకు తెలుగు మాట్లాడడమే గానీ రాయడం రాదు. స్కూలు నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, హిందీ అక్షరాల్లో రాయసాగింది. దేముడమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్కరినీ చెప్పింది. ఐస్ ఫ్యాక్టరీ మల్లేశు, అతని తోడల్లుడు. ఆస్పత్రి వంటింటి తవిటమ్మ. బట్టలుతికే కామమ్మ, ఆమె కోడలు. గేటు పక్కన టీ పెట్టే గురునాథం. బెంగాలీ నర్సు దీదీ. రోడ్డు పనికి పోయే రాంచీ వాళ్లు నలుగురు, పేర్లు తెలియవు, అందులో ఒకడు కుంటుతాడు. మధ్య మధ్య ఆగి, ఎవరి వెనక ఎవరు వస్తారో తలుచుకుని మళ్లీ చెప్పింది. కాగితం అయిపోయేసరికి ఇరవై ఏడు మందయ్యారు.

"ఈళ్లు నాకు తెలిసినోళ్లు. తెలీనోళ్లు ఎంతమందో నువ్వే పోయి సూడు. ముందు టేసన్‌కి పో. జోగులు సంగతి సెప్పు. ఆ తరవాత నా ఇంటికి రా."

రమణయ్య అటునుంచి అటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. సిగ్నల్ బ్లింకర్ మీద ఉందని, నడిచేవాళ్ల బొత్తాం మూసి ఉందని, ఆ వేళకు అక్కడ జనం దాటుతారని తనకు ముందే తెలుసని, ఆ విషయం పైకి చెప్పలేదని వాంగ్మూలం రాసిచ్చాడు. ఎస్.ఐ. రెండుసార్లు చదివాడు. "ఇది రాస్తే మీ డిపార్ట్‌మెంట్ నీ మీద పడుతుంది. సోచ్ లో," అన్నాడు. ఆలోచించుకునే వచ్చానన్నాడు రమణయ్య.

మర్నాటి నుంచి వేకువన నాలుగున్నరకే మందుల దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. మొదటి రోజు యాభై ఎనిమిది మంది. రెండో రోజు ముప్పై మూడు. మూడో రోజు పంతొమ్మిది. రమణయ్యకు అర్థం కాలేదు. అదే వాన, అదే వేళ, జనం ఏమైపోయారు? ఆ రోజు గురునాథం టీ గ్లాసు అరుగు చివర పెట్టి, దూరం జరిగి నిలబడి అన్నాడు.

"మీరు కాగితం, పెన్ను పట్టుకు కూకుంటే ఎవుడొస్తాడు బాబూ? జబ్బు టెస్టుకి పేర్లు రాసుకుంటన్నారని ఒకటే పుకారు. పాజిటివ్ అంటే పద్నాలుగు రోజులు లోపలేసేత్తారు, పని పోద్దని, అందరూ వెనక సందులోంచి పోతన్నారు."

నాలుగో రోజు రమణయ్య కాగితం జేబులో పెట్టుకుని, అరుగు దిగి వెనక సందు మొదట్లో నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాళ్లకూ చేతులు జోడించి చెప్పాడు, తెలుగువాళ్లకు తెలుగులో, మిగతావాళ్లకు హిందీలో. టెస్టు కోసం కాదు, పేర్లు రాయడం లేదు, బొత్తాం మళ్లీ తెరిపించడానికి. దేముడమ్మ దీదీని గుద్దేసిన చోటు మీకు తెలుసు గదా అన్నాడు. ఆ పేరు వినగానే, కుంటుతూ నడిచే రాంచీ మనిషి ముందుగా సందులోంచి బయటికి వచ్చి మలుపు వైపు నడిచాడు. మిగతా ముగ్గురూ అతని వెనకే వెళ్లారు.

ఐదో రోజు నుంచి మూడు రోజులు లెక్కపెట్టాడు. అరవై నాలుగు. డెబ్బై ఒకటి. అరవై తొమ్మిది.

జె.ఇ. సాబ్ కాగితం చూసి నుదురు రుద్దుకున్నాడు. పాత గళ్ల పక్కన రమణయ్య స్కేలు పెట్టి చేత్తో మూడో గడి గీశాడు, నాలుగున్నర నుంచి ఆరు.

"ఐసా కాలమ్ హీ నహీ హై రమణయ్యా. పైకి పంపితే వాపస్ వస్తుంది."

"పంపండి సాబ్."

కాగితం పైకి వెళ్లింది. సెప్టెంబరు గడిచింది. జవాబు లేదు. ఒకరోజు అదే మలుపులో ఒక మోటార్ సైకిల్ తవిటమ్మ చేతిసంచిని రాసుకుంటూ పోయింది. టమాటాలు రోడ్డు మీద చెదిరిపోయాయి, మనిషికి ఏమీ కాలేదు. ఆ మాట విన్న రోజే రమణయ్య కంట్రోల్ పెట్టె తాళం తీసి, బ్లింకర్ తీసేసి, సిగ్నల్ పూర్తిగా చాలూ చేశాడు. స్తంభం దగ్గరకు వెళ్లి టేపు విప్పాడు. ఆర్నెల్ల ఎండకీ వానకీ దాని జిగురు బొత్తాంకి అంటుకుపోయింది. కిరోసిన్ గుడ్డతో రుద్ది రుద్ది వదిలించాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆర్డరు లేకుండా అతను చేసిన మొదటి పని అది.

మూడో రోజున మెమో వచ్చింది. జె.ఇ. సాబ్ కేక వేయలేదు, అదే నయం.

"ఎందుకు చేశావు? నా మెడకు చుట్టుకుంటుంది. అభీ కే అభీ బంద్ కరో."

"సాబ్, ఒక్కరోజు ఐదింటికి మీరొచ్చి చూడండి. ముప్పై మందికి ఒక్కరు తగ్గినా నా చేత్తోనే బంద్ చేసేస్తాను. సస్పెండ్ చేసినా మాట్లాడను."

సాబ్ వస్తాడని రమణయ్య అనుకోలేదు. శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ నలభైకి జీపు వచ్చి దుకాణం ముందు ఆగింది. సాబ్ మాస్కు సరిచేసుకుని ముందు సీట్లోనే కూర్చున్నాడు. సన్నగా జల్లు పడుతోంది. మొదట ఇద్దరు ఆయాలు వచ్చారు. ఒకామె మోచేత్తో బొత్తాం నొక్కింది. చేపల లారీ ఒకటి బ్రేకు వేసి ఆగింది. పచ్చబొమ్మ వచ్చింది. వాళ్లు దాటారు. ఆ వెనక ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు, తట్టలవాళ్లు, నర్సు దీదీ. అందరూ వచ్చి ఎడం ఎడంగా నిలబడి, ఆగి, దాటుతున్నారు. సాబ్ కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్క మానేసి ఊరికే చూశాడు.

"యే లోగ్ రోజ్ ఆతే హై?" అని అడిగాడు.

"రోజూ సాబ్. లాక్‌డౌన్‌లో కూడా వచ్చారు."

నేనే వెళ్లి చూశాను అని సాబ్ ఆ రోజే నోటు రాసి పైకి పంపాడు. నవంబరులో అనుమతి వచ్చింది. మెమో మాత్రం రద్దు కాలేదు. ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ రమణయ్యకు రాలేదు. జోగులుకి లైసెన్సు తిరిగి ఇచ్చారు గానీ కేసు నడుస్తూనే ఉంది. అతను మళ్లీ వండూర్ దారి పట్టాడు. ఆ మలుపు దగ్గర మాత్రం వ్యానును దిగి తోసుకుంటూ వెళ్తున్నంత మెల్లగా నడిపేవాడు.

అనుమతి కాగితం వచ్చిన సాయంత్రం రమణయ్య డిగ్నాబాద్ వెళ్లాడు. దేముడమ్మ వాకిట్లో కుర్చీలో ఉంది, చంకకర్ర గోడకు ఆనించి ఉంది. కాంట్రాక్టులో ఆమె పేరు తీసేశారు. ఆ చోట గవరమ్మ పనికి వెళ్తోంది. అతను సంగతి చెప్పాడు. ఆమె సంతోషపడలేదు, కోప్పడనూ లేదు.

"మనిసి బొమ్మ ఎంతసేపు ఎలుగుతాది?" అని అడిగింది.

"పన్నెండు సెకన్లు."

"ఇప్పుడు నాకది సాలదు."

రమణయ్య అటూ ఇటూ చూశాడు. ఆ మలుపులో రోడ్డు వెడల్పు అతనికి అడుగులతో సహా తెలుసు. వాకిలి అందులో సగం ఉంటుంది. మెట్ల దగ్గర నుంచి గోడ దాకా వెళ్లి రమ్మన్నాడు. గవరమ్మ చెయ్యి అందించబోతే దేముడమ్మ తోసేసింది. కర్ర తీసుకుని బయల్దేరింది. రమణయ్య చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. గోడ దగ్గర తిరిగేటప్పుడు కాలు లాగి ఆగిపోయింది, పెదవి కొరుక్కుంది. రమణయ్య గడియారం ఆపలేదు. ఆమె మెట్ల దగ్గరకు తిరిగి వచ్చేసరికి ఇరవై ఆరు సెకన్లైంది.

ఇరవై ఆరు కావాలని అర్జీ పెట్టాడు. ఒకామె కోసమా అని జె.ఇ. సాబ్ అడిగాడు. కొలిచింది ఒకామెతోనే సాబ్, ఆస్పత్రి దారిలో కర్రలతో నడిచేవాళ్లు చాలామంది అన్నాడు రమణయ్య. బండ్లు వెనక్కి బారు తీరతాయని ఆఫీసులో ఒకటి రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఇరవై ఇచ్చారు.

అది కూడా తనే వెళ్లి చెప్పాడు. ముఖం చెల్లక మెట్ల మీదే నిలబడి చెప్పాడు.

దేముడమ్మ విని, వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"నిన్ను మన్నించేసినానని అనుకోకు," అంది. తర్వాత లోపలికి తిరిగి, "గవరా, కర్ర ఇలాగ తే. ఆరు సెకన్లు తగ్గాల నాను," అంటూ కుర్చీ చేతుల మీద బలం ఆన్చి లేచింది.